బాలింతల గుహ

మొన్న ఆదివారం పుత్తూరు దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్లో, మామ ఇంటి వసారాలో కూచుని కాఫీ తాగుతుంటే, గబ్బిలాల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో సబ్బుపెట్టె అంత యంత్రం. మన చెవికి అందని గబ్బిలాల కూతల్ని అది పట్టి వినిపిస్తుందట. మూడు సాయంత్రాలు కొండ మీది గుహ ముందర పెట్టిందట. మా ముందర బొత్తాం నొక్కితే కీచురాళ్లు తప్ప ఏమీ వినపడలేదు. "ఒకప్పుడు ఈ గుహ నిండా ఉండేవని ఊళ్లో చెప్పారు సార్. ఏమైపోయాయి?" అని నన్నే అడిగింది. కళ్లద్దాలున్నవాడికి అన్నీ తెలుస్తాయనుకుని ఉంటుంది. నాకు తెలుసు. కాఫీ చల్లారిపోయినా, వేడిగా ఉన్నట్టు ఊదుకుంటూ కూచున్నాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఆ గుహకు ఆయన ఎవరూ పెట్టని కాపలాదారు. ఏటా చలికాలంలో ఒక్కసారి గోనెసంచి తీసుకుపోయి, గుహలో రాలిన గబ్బిలాల పెంట ఎత్తుకొచ్చి తన మామిడిచెట్ల మొదళ్లలో వేసేవాడు. కాయలు తిన్న చుట్టాలు ఏం తీపి, ఏం తీపి అంటుంటే మామ కొండవైపు చెయ్యి చూపించబోయేవాడు. వాళ్లు తినడం అయ్యేదాకా ఆ సంగతి ఎత్తొద్దని అత్త కళ్లతోనే కసిరేది. గుహలోకి పోవడానికి ఆయన పద్ధతులు ఆయనకుండేవి. చెప్పులు బయటే విడవాలి. బీడీ కొండ కిందే ఆర్పాలి. దగ్గొస్తే బయటికొచ్చి దగ్గాలి. ఎండలు ముదిరే నెలల్లో అయితే ఆ దారే తొక్కడు. "ఆడ బాలింతలుండారు, పోగూడదు" అనేవాడు, పిల్లతల్లి గబ్బిలాల గురించి. ఒక చలికాలం నన్నూ తీసుకుపోయాడు. ముక్కు మీద చిన్న ఆకు మడిచి అతికించినట్టుండే బుల్లి ప్రాణులు గుహ కప్పు నిండా వేలాడుతున్నాయి. ఘాటుకు కళ్లు మండి, తుమ్ము ఆపుకోలేక బయటికి పరిగెత్తాను. "నీకంటే అవే నయం అల్లుడా, కుదురుగా ఉండాయి" అని నవ్వాడు.

నేను చిత్తూరు కాలేజీలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. ఈ మాట ఇక్కడ రాయడానికే సిగ్గుగా ఉంది. కరోనా వచ్చిన వేసవిలో కాలేజీ మూస్తే ఈ ఊరొచ్చి పడ్డాను. గబ్బిలాల నుంచే రోగం వచ్చిందంటూ ఎవరెవరో పంపిన వీడియోలు రోజంతా ఫోన్లో చూసి, నేను చెప్పిన పాఠాలు నేనే మరిచిపోయాను. ఊళ్లో ఇద్దరికి జ్వరం తగిలేసరికి భయం తలకెక్కింది. ఆ గబ్బిలాలను పొగబెట్టి తరమకపోతే ఊరు మిగలదని మామతో అన్నాను. ఆయన తల గోక్కుని, "ఇన్నేండ్లు వాటి మద్దెనే తిరిగినాను, నాకేమీ కాలేదే" అన్నాడు. "నీకేం తెలుసు మామా? చదువుకున్నవాణ్ణి, నేను చెబుతున్నా కదా" అన్నాను. "బాలింతలు గదప్పా, రెన్నెల్లు ఆగుదామా?" అని మళ్లీ అడిగాడు. నేను ఆగనివ్వలేదు.

మరునాడు పొద్దున గుహ మూతి దగ్గర వేపాకు, ఎండుమిరపకాయలు కుప్పవేసి మామే అగ్గిపుల్ల గీశాడు. దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండు మాస్కులు కట్టుకుని దూరంగా బండ మీద నిలబడ్డాను. కాసేపటికి అవన్నీ చుర్రుమంటున్న ఎండలోకి వచ్చి పడ్డాయి. చాలావాటి రొమ్ముకు పిల్ల కరుచుకుని ఉంది. దారి తెలియక బండలకు కొట్టుకున్నాయి. కాకులు దిగాయి. మామ మంట మీద మట్టి పోసి ఆర్పి, మధ్యాహ్నం దాకా రాలిన పిల్లల్ని తువ్వాల్లోకి ఏరుతూ, ఒక్కొక్కదాన్నే గుహ గోడకు అంటించి చూశాడు. ఒక్కటీ పట్టుకోలేదు. ఆ తర్వాత ఆయన కొండెక్కలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొన్న ఆ అమ్మాయి అడిగినదానికి నేను కాఫీ ఊదుకుంటూ కూచునేసరికి, మామే గొంతు సవరించుకున్నాడు. "పొగ నేనే పెట్టినాను పాపా. ఎవురూ సెప్పలా. నా బుద్దే గెడ్డి తినింది." నావైపు చూడను కూడా లేదు. ఆ అమ్మాయి తలవంచుకుని పుస్తకంలో రాసుకుంది. తప్పు ఒప్పుకోని పిల్లల్ని పీరియడంతా నిలబెట్టిన అయ్యవారిని నేను. చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చింది. "ఇంకొంచెం కాఫీ తాగుతావా అమ్మా?" అన్నాను. ఛీ, ఏం బతుకు నాది!

ఆ అమ్మాయి లేచేటప్పుడు మామ అడిగాడు. "మళ్లా వస్తాయా పాపా?"

"ఎవరూ కదిలించకపోతే రావచ్చు తాతా. వచ్చినా మెల్లగానే పెరుగుతాయి. తల్లి ఏడాదికి ఒక్క పిల్లనే కదా కనేది."

మామ అప్పుడు నావైపు తిరిగాడు. "అవునా అల్లుడా? నువ్వు సదువుకున్నోడివి, సెప్పు."

అవునన్నాను. ఏడాదికి ఒక్క పిల్ల చొప్పున ఆ గుహ నిండేసరికి మేమిద్దరం ఉండం. ఆ పొగ నా మాట మీదే పెట్టాడని, మామ వినేటట్టు ఆ అమ్మాయికి చెప్పడానికైతే నాకింకా టైముంది. కానీ ఆయనకు ఎనభై దాటాయి.