అరికాళ్లకో ఆంప్లిఫయరు

డాన్సు టీచరుకి చెవులు మొరాయించడం మొదలై నాలుగేళ్లయింది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు ఆవిడ మొగుడు, స్కూలు వ్యాను నడుపుతాడు. రెండోవాడు ఆవిడ తమ్ముడు, సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తాడు. పిల్లల తల్లిదండ్రుల చెవిన పడిందంటే పద్దెనిమిదేళ్లుగా పెరట్లో నడుపుతున్న క్లాసు మూతపడుతుందని ఆవిడ భయం. వినబడని మనిషి పాటకు అడుగులేం నేర్పుతుందని ఎవరైనా అంటారు. ఆవిడే అయినా అనేది.

చెవిలో మిషను పెట్టుకుంటే, ఎదుటివాళ్ల పెదాలు కూడా చూస్తూ, మాటలు బాగానే నెట్టుకొచ్చేది. పాట మొదలైతే మాత్రం మిషనులో ఒకటే కీచు. దాన్ని తీసి పారేస్తే ఒకటే నిశ్శబ్దం. ఈ రెంటి మధ్యా నలిగిపోతుండగా ఒకరోజు మొగుడి వ్యానులో కూర్చుని చెప్పులు విప్పింది. ఆయన పాట పెట్టుకున్నాడు. సీటు కింద ఉన్న బాసు పెట్టె దరువు ఆవిడ అరికాళ్లకు చక్కగా అందింది. ఇల్లు చేరేలోపే ఆవిడ తేల్చేసింది, పెరట్లో పిల్లలు ఆడే చెక్క వేదిక కింద ఇలాంటివి పెట్టించాలని.

వానకు తట్టుకునే బాసు పెట్టెలు, అదే సబ్‌వూఫర్లు, రెండు తేలిగ్గానే దొరికాయి. వాటిని నడిపే ఆంప్లిఫయరు దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట తమ్ముడు తన ఇంట్లోది పట్టుకొచ్చాడు. పది నిమిషాలు పనిచేసి, పెనంలా కాలి, ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది. రెండు పెట్టెల బరువు దానికి ఎక్కువైందట. అదేదో తెచ్చేముందే ఆలోచించి ఏడవొచ్చుగా. తర్వాత ముగ్గురూ పెద్ద కొట్టుకు వెళ్లారు. ఆ కొట్టువాడు ఆంప్లిఫయరు పెట్టి కిటికీ అద్దాలు దడదడలాడించి, ఎలా ఉందన్నట్టు మొగుడి వంక చూశాడు. ఆవిడ చెప్పులు విప్పి గచ్చు మీద నిలబడింది. కాళ్లకేమీ తెలియలేదు. చెక్క మీద పెట్టి చూపించమని అడిగితే, వాడు ఆ జవాబు కూడా మొగుడి వైపు తిరిగే చెప్పాడు. పెదాలు కనిపించక ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మగవాళ్లు ముగ్గురూ అరగంటసేపు వాట్ల గురించి మాట్లాడుకుని, పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నది కొన్నారు. అది తెచ్చి తగిలిస్తే పాట ఉన్నా లేకపోయినా గుయ్‌మంటూనే ఉంది. ఆవిడకు పిండిమర మీద నిలబడ్డట్టుండేది. వారం తిరక్కుండానే దాన్ని వెనక్కి పంపించేశారు.

మూడోది మళ్లీ తమ్ముడిదే. అప్పటిదాకా ఇంట్లోంచి వేదిక దాకా వైరు నేల మీదే పరిచారు, అది పిల్లల కాళ్లకు అడ్డంపడుతోంది. భూమిలోంచి లాగాలంటే మధ్యలో సిమెంటు బాట ఉంది, దాన్ని తవ్వితే ఊరుకోనని ఇంటి యజమాని ముందే చెప్పాడు. పాటకు వైరే అక్కర్లేని ఆంప్లిఫయరు ఉందనీ, కరెంటుకు పెరటి దీపం దగ్గరి ప్లగ్గు చాలనీ, వేదిక కింద పెడితే పాట గాల్లోంచి దానికి చేరుతుందనీ తమ్ముడు ఊదరగొట్టాడు. పెట్టారు. వేడెక్కలేదు, గుయ్‌మనలేదు, దరువు స్తంభంలా నిలబడింది. ఆవిడ ఆరోజు తమ్ముణ్ని మెచ్చుకుంది కూడా. పాట కాస్త గజిబిజిగా వస్తోందని మొగుడు నసిగితే, ఆరుబయట అలాగే ఉంటుంది బావా అని తమ్ముడు కొట్టిపారేశాడు.

ఆ మర్నాటి నుంచే పిల్లలు పాడైపోయారు. తొమ్మిది మందికి తొమ్మిది మందీ తొందరపడిపోతున్నారు. స్కూలు వార్షికోత్సవంలో వీళ్ల డాన్సు ఇరవై రోజుల్లోకి వచ్చేసింది, అక్కడ బాగా ఆడితేనే వచ్చే ఏడు కూడా ఆవిడకు పని. కాలితో వేదిక మీద దరువు కొడుతూ, నెత్తీ నోరూ బాదుకుని, వారంలో ఎనిమిది మందిని దారికి తెచ్చింది. మిడత ఒక్కతే లొంగలేదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గెంతుతూ ఉంటుందని అందరూ పెట్టిన పేరది. ఉన్నవాళ్లలో బాగా ఆడే పిల్ల. అలాంటిది ప్రతి అడుగూ ముందే వేస్తోంది. టీచరు నయాన చెప్పింది, భయాన చెప్పింది, ఆఖరికి ఒకరోజు ఒళ్లుమండి అందరి ముందూ అనేసింది.

“నీకు చెవులున్నాయా, లేవా?”

మిడత చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అంత పొగరేమిటని టీచరు మొగుడి దగ్గర రుసరుసలాడింది.

నాలుగో రోజు క్లాసయ్యాక, పాట ఇంకా మోగుతుండగా, ఆవిడ వేదిక పక్క ప్రహరీ గోడకున్న చిన్న స్పీకర్ల దుమ్ము తుడుస్తోంది. పిల్లలకు పాట వచ్చేది వాటిలోంచే. ఒక కాలు వేదిక మీద ఉంది, ఒక చెయ్యి స్పీకరు మీద ఉంది. దరువు ముందు చేతికి తెలిసింది, తర్వాత కాలికి. భ్రమ అనుకుని చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. చేతికి ముందు, కాలికి తర్వాత. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని పదిసార్లు చూసింది. పదిసార్లూ అంతే.

సాయంత్రం తమ్ముడు రాగానే నిలదీసింది. వాడు నింపాదిగా, రెప్పపాటు తేడా ఉంటుందక్కా, గాల్లోంచి వచ్చింది లోపల సర్దుకుని బయటికి రావాలి కదా, సినిమా చూసేవాళ్లకు అసలు తెలియనే తెలియదు అన్నాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నేను సినిమా చూడట్లేదురా. నీ రెప్పపాటుకి పిల్లని తిట్టి పంపించేశాను.”

ఇక ఎవరినీ నమ్మేది లేదని మర్నాడు రెండు వీధుల అవతల ఉన్న ముసలి రేడియో మెకానిక్కు దగ్గరకు ఒక్కతే వెళ్లింది. ఆయన ఆవిడ మొహంలోకి చూసి మాట్లాడాడు. ఎన్ని పెట్టెలు, ఎంత చెక్క, వినడానికా, తొక్కడానికా అని అడిగాడు. ఇన్నాళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. హంగులేవీ లేని, బరువైన పాత రకం ఆంప్లిఫయరు ఇచ్చి, వైరును ప్రహరీ గోడ వెంట గొట్టంలో తిప్పి తెచ్చాడు. బాటను ముట్టుకోనే లేదు. ఇంత చిన్న ఉపాయం మొగుడూ తమ్ముడూ అనే ఇద్దరు మేధావులకూ తట్టలేదంటే ఏమనాలి. ఆవిడ చెయ్యి స్పీకరు మీద, కాలు వేదిక మీద పెట్టి చూసింది. రెండూ కలిసే వచ్చాయి. ఆ రోజు ఆవిడ అన్నం కడుపునిండా తింది.

తెల్లారి క్లాసులో ఎనిమిది మందీ వెనకబడ్డారు. ఒకరిద్దరు కాదు, కట్టగట్టుకుని అందరూ. ఆవిడ పరుగెత్తి స్పీకరు మీద చెయ్యి పెట్టింది. ఆంప్లిఫయరు సరిగ్గానే ఉంది. వారం కిందట దారికొచ్చినవాళ్లు ఇప్పుడెందుకు ఇలా చస్తున్నారో అర్థంకాక, క్లాసు సగంలో ఆపేసి, ఏడుపొక్కటే తక్కువగా మిడత ఇంటికి బయలుదేరింది. ఆ పిల్లకైనా క్షమాపణ చెప్పుకుందామనుకుంది.

మిడత ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. టీచరు పక్కన కూర్చుంది. తప్పు నాదేనంది, ఆంప్లిఫయరు సంగతి చెప్పింది, నీదే సరైన అడుగంది. తన చెవుల సంగతి మాత్రం చెప్పలేదు. మిడత ఆవిడ వైపు పూర్తిగా తిరిగి, పెదాలు కనిపించేలా, నెమ్మదిగా మాట్లాడింది.

“మీకు వినపడదని మాకందరికీ తెలుసు టీచరు గారూ. మీ కాలు వెనకబడుతోందని కూడా తెలుసు. మీరు బాధపడతారని, పాట వదిలేసి మీ కాలు చూసి వెయ్యాలని అందరం అనుకున్నాం. పాట కంటే కాస్త ఆగి వెయ్యడం వాళ్లకి అలవాటైపోయింది. నేనూ ఎంతో ప్రయత్నించాను. నాకు పాట వదలడం రాలేదు.”

టీచరుకి ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. పిల్లలు ఎన్నాళ్ల నుంచి తనవైపు తిరిగే మాట్లాడుతున్నారో అప్పుడు లెక్కకొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. వార్షికోత్సవానికి ఆరు రోజులుంది, ఎనిమిది మందికి మళ్లీ పాట వినడం నేర్పాలి.

“రేపు పెందలాడే రా” అంది. “ముందు వరుసలో నిలబడు.”

“మళ్లీ తొందరపడుతున్నావని మీరంటే?” అంది మిడత.

“అంటే పాట ఆపెయ్యి. ఆపి, మీదే తప్పు టీచరు గారూ అని చెప్పు. అందరి ముందే చెప్పు.”