సాంబ్రాణి పొగ చెప్పిన సాక్ష్యం

హొసకోటె గోపాలప్ప పట్టుచీరల అంగడిని కొడుక్కి అప్పగించాడు గాని, పాత కారును మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ కారుకు ఈ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. పరుగులో గుర్రమే, సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోయేది. పోయిన వారం పెళ్లికి వెళ్తూ నడిరోడ్డులో అలా ఆగితే, భార్య గౌరమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి కారు నెట్టవలసి వచ్చింది. ఇంటికి చేరగానే ఆమె తీర్పు చెప్పింది: శుక్రవారంలోగా బాగుపడకపోతే, కారు అత్తిబెలెలో పాత బండ్లు విప్పి అమ్మే తన తమ్ముడు మారప్ప పాలు.

గోపాలప్ప విచారణ శ్రద్ధగానే జరిపాడు; కాకపోతే ముద్దాయిలందరూ బయటివారే. పెట్రోలు కల్తీ అన్నాడు; బంకు మార్చినా వణుకు పోలేదు. ప్లగ్గులను తప్పుబట్టాడు, అవీ నిర్దోషులని తేలింది. చివరకు నడుస్తున్న ఇంజను దగ్గర చెవి పెడితే, ఎక్కడో పాము బుసకొట్టినట్టు వినిపించింది. ఏదో చీలిక గుండా లెక్కకు మించిన గాలి ఇంజనులోకి దూరుతోందన్నమాట. చీలిక ఎక్కడ? లోపల గొట్టాలు పేగుల్లా అల్లుకొని ఉన్నాయి.

శుక్రవారం పొద్దున గౌరమ్మ దేవుడి గదిలో సాంబ్రాణి వేస్తుంటే, మూసిన తలుపు సందులోంచి పొగ బయటికి పాకడం ఆయన కంటపడింది.

"ఏమే, ఆ సాంబ్రాణి ఇట్లా తే."

"కారుకు కర్మ చేస్తారా ఏంది?"

"పొగ యాడ బయటికొస్తే ఆడ చిల్లి ఉండాది. తే!"

పెట్రోలుకూ నిప్పుకూ పొసగదు కనుక, సాంబ్రాణి చల్లిన నిప్పులను డబ్బాలో వేసి, మూత బిగించి దూరంగా పెట్టాడు. డబ్బాకు ఒకవైపు సైకిలు పంపు, మరోవైపు ఇంజను దాకా పొడవాటి గొట్టం. ఇంజను ఆపి, అది గాలి పీల్చే మూతిలో ఆ గొట్టం కొస దూర్చి, చుట్టూ గుడ్డ కుక్కాడు.

"కొట్టు, ఆపొద్దు!"

"నెట్టేదీ నేనే, కొట్టేదీ నేనే. స్టీరింగు మాత్రం మీది!" అంది గౌరమ్మ, పంపు కొడుతూ.

పొగ వచ్చింది. బ్రేకు వైపు పోయే రబ్బరు గొట్టానికి సన్నని రాగితీగ బిగించి ఉంది. ఆ తీగ రబ్బరును కోసిన చోటే, దారంలా లేచింది.

గౌరమ్మ వంగి చూసింది. "ఈ తీగ కట్టిందెవరండీ?"

ఆయుధపూజకు ఊరంతా కారు ముందు హారం వేస్తే, "పూజ ఇంజనుకప్పా, బంపరుకు కాదు" అని వాదించి, ఏటా బానెట్ ఎత్తి బంతిపూల దండను ఆ గొట్టానికే తీగతో బిగించేది గోపాలప్పే. వాడిన పూలు తీసేవాడు, తీగ ఉండిపోయేది.

"భక్తి కొంచెం ఎక్కువైనట్టుండాది," అన్నాడు గోపాలప్ప, తీగ విప్పుతూ.

"భక్తి సరే, ఆ బిగించేదే తగ్గించుకోండి."

కొత్త గొట్టం తెచ్చి వేశాడు. మధ్యాహ్నం మారప్ప, కారును ఏ లారీకో కట్టి లాక్కుపోవడానికి తాడు భుజాన వేసుకొని, బస్సు దిగి వచ్చేసరికి, అది వాకిట్లో వణుకన్నది లేకుండా సన్నగా మోగుతోంది.

"ఏం బావా, ఇది ఇంకా బతికే ఉండాదే!"

"నీ నోట్లో మన్ను!" అన్నాడు గోపాలప్ప సంబరంగా.

గౌరమ్మ తమ్ముడి భుజం మీది తాడును ఒకసారి, మొగుడి ముఖాన్ని ఒకసారి చూసింది.

"కాఫీ తాగి ఎక్కు రా, మారప్పా. బస్టాండులో దింపుతాం."