అమ్మవారి మలుపు దగ్గర ఆపిన బస్సు

మా ఆయన ఉద్యోగం పోయింది తాగి బండి నడిపినందుకు కాదు, ఎవరినో గుద్దినందుకూ కాదు. బస్సు ఆపినందుకు. ఆపడం కూడా ఒక నేరమేనని, దానిమీద కోర్టులో ఏళ్ల తరబడి మాట్లాడుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన ఒక ప్రైవేటు బస్సుల కంపెనీలో డ్రైవరు. మార్కాపురంలో బయలుదేరి కంభం, మా గిద్దలూరు మీదుగా నల్లమల ఘాట్ దాటి నంద్యాల పోయే బస్సు ఆయనది. ఘాట్ ఎక్కేటప్పుడు ఒక మలుపులో అమ్మవారి గుడి ఉంది. పేరుకు గుడే గానీ వంగితే తప్ప లోపలికి పోలేని గది. అక్కడ ఆపకుండా పోయే డ్రైవరును నేను చూడలేదు. బస్సు ఆగుతుంది, డ్రైవరు దిగి అగరొత్తి వెలిగిస్తాడు, ఆడవాళ్లు కిటికీలోంచే దండం పెట్టుకుంటారు, మగవాళ్లు ఆ వంకన దిగి ఒళ్లు విరుచుకుంటారు. కంపెనీ ఓనరు కూడా కొత్త బస్సు కొన్నప్పుడల్లా కొబ్బరికాయ అక్కడే కొట్టించేవాడు. ఘాట్ మీద ఎక్కడా ఆపకూడదని కంపెనీ రూలు. ఆ రూలు అందరికీ తెలుసు. అమ్మవారి దగ్గర అది పనిచేయదనీ అందరికీ తెలుసు.

ఆ రోజు ముసురు పట్టి దారి సరిగా కనపడటం లేదట. ఈ ఒక్కసారికి సీట్లోంచే దండం పెట్టుకుని పోదామనుకున్నాడు ఆయన. బస్సులో జనం ఊరుకోలేదు. "అమ్మవారి దగ్గర ఆపకుండా ఏడికి పోతాండావు నాయనా? పిల్లోళ్లు ఉండారు బస్సులో!" అని ఒకటే కేకలు. ఆపాడు. వెనక నుంచి వచ్చిన లారీ గుద్దింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక పెద్దాయన చెయ్యి విరిగింది. లారీవాడు ఆగకుండా వెళ్లిపోయాడు, ఆగి ఉన్న మా ఆయన దొరికాడు.

కంపెనీవాళ్లు విచారణ పెట్టారు. ప్రశ్నలు అడిగింది మేనేజరే, జవాబులు విన్నది మేనేజరే, చివరికి తీసేస్తున్నామని చెప్పిందీ మేనేజరే. అంతకంటే సులువైన విచారణ నేనెక్కడా చూడలేదు. తర్వాత లేబర్ ఆఫీసులో రాజీ మాటలన్నారు. అక్కడికి కంపెనీ తరపున వచ్చిన మనిషి "మా ఓనరును అడిగి చెప్తాను" అన్న ఒక్క మాటతోనే ఎండాకాలం అంతా గడిపేశాడు. ఇక కోర్టుకు పోక తప్పలేదు.

లేబర్ కోర్టు మాకు దగ్గర్లో లేదు. తెల్లారకముందే రైలెక్కాలి, కురిచేడు దాటేసరికి ఎండ మొహం మీద పడేది. నేను పనిచేసే బడిలో సెలవు పెట్టి ఆయన వెంట పోయేదాన్ని. ఆయన ఒక్కడే పోతే జరిగింది జరిగినట్టు చెప్పడు, "ఏం లే, వాయిదా" అని పడుకుంటాడు. నిజంగానే అది తప్ప ఏమీ ఉండేది కాదు. జడ్జిగారు బదిలీ అయ్యారు. కొత్త జడ్జిగారు రాలేదు. వచ్చేసరికి కంపెనీ వకీలు మారాడు, ఆ కొత్తాయన ఫైలు చదువుకోవాలి. చదువుకున్నాక ఆయన ఇంట్లో పెళ్లి. మా ఆయన అన్నిటికీ తలూపేవాడు. నాకంత ఓర్పు లేదు, ఉందని ఎవరూ అనలేదు కూడా. కంపెనీ ఓనరే అక్కడ కాయ కొట్టిస్తాడని జడ్జిగారికి చెప్పమని మా వకీలు దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "అది ఇక్కడ ప్రశ్న కాదమ్మా" అన్నాడు. నాకు ముఖ్యమనిపించింది ఏదీ ఆ కోర్టులో ప్రశ్న కాలేదు.

వేరే బస్సు ఎక్కవద్దన్నాడు మా వకీలు. ఇంకోచోట స్టీరింగు పట్టుకుంటే ఈ ఉద్యోగం నీకెందుకని అడుగుతారట. పట్టుకోకపోతే మేం ఏం తినాలో మాత్రం ఆయన చెప్పలేదు. మా ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోయాడు, పలకలకు చెక్క చట్రాలు బిగించే పని. ఘాట్ మలుపుల్లో అంత పెద్ద బండిని తిప్పిన మనిషి, నేల మీద కూచుని చిన్న చిన్న మేకులు కొట్టేవాడు. షుగరు వచ్చింది కూడా అప్పుడే.

ఎట్టకేలకు మా సాక్షి వంతు వచ్చింది. మార్కాపురంలో బట్టల దుకాణం నడిపే సాయిబు ఆయన. సరుకు కోసం వారం వారం నంద్యాల పోయేవాడు, ఆ రోజు ముందు సీట్లోనే ఉన్నాడు. మా ఆయన ఆపనని అనడం, జనం అరవడం రెండూ చెవులారా విన్నాడు. "అడిగినదానికే చెప్పు భాయ్. ఆయన వద్దన్నాడు, జనం ఆపించారు. అంతే" అని మా వకీలు వరండాలో చెప్పాడు. సాయిబు గడ్డం నిమురుకుంటూ సరేనన్నాడు.

బోనెక్కాక ఆ రెండు ముక్కలూ చక్కగా చెప్పాడు. నా గుండె కుదుటపడింది. అప్పుడు కంపెనీ వకీలు లేచి, "మామూలు రోజుల్లో ఈ డ్రైవరు అక్కడ ఆపేవాడు కాదు కదా?" అని మెత్తగా అడిగాడు.

సాయిబుకు రోషం వచ్చింది. "ఎవురు సార్ చెప్పింది? రోజూ ఆపుతాడు! వానొచ్చినా గాలొచ్చినా అమ్మకు మొక్కకుండా బండి ముందుకు కదిలించినోడు కాదు. అంత భయం భక్తి ఉండే డ్రైవరును నేను ఈ లైన్లో చూడలా. నాది వేరే మతం సార్, నేనే చెప్తాండా!"

కంపెనీ వకీలు వినయంగా కూర్చున్నాడు. జడ్జిగారు టైపిస్టుకు ఇంగ్లీషులో చెప్పారు. సాయిబు చెప్పిన భక్తి అంతా కరిగిపోయి, ఈ డ్రైవరు రోజూ రూలు తప్పేవాడన్న వాక్యం ఒక్కటే కాగితం మీద మిగిలింది.

బయట వరండాలో సాయిబును నిలదీశాను. "ఏంది అన్నా నువ్వు చెప్పింది? కొంప ముంచినావు కదా!"

ఆయన బిత్తరపోయాడు. "నేనేం తప్పు చెప్పినా చెల్లెమ్మా? నలుగురి ముందు ఆ వకీలు మీ ఆయనకు భక్తి లేదన్నట్టు మాట్లాడతాంటే నేనెట్ల ఊరుకుంటా? మనిషి పరువేం గావాల?"

ఆయన్ను ఏమని తిట్టాలి? మా ఊళ్లో ఎవరిని బోనెక్కించినా అదే చెప్పేవాళ్లు. మా ఆయనైతే రైల్లో ఆయనకు టీ ఇప్పించాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని, మిగతా డ్రైవర్లెవరూ అక్కడ ఆపరని చూపించడానికి కంపెనీ కొత్త సాక్షుల్ని తెస్తామంది, కోర్టు సరేనంది. అదే లైన్లో తిరిగే డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మేం ఆ మలుపులో ఎన్నడూ ఆపలేదని ప్రమాణం చేశారు. మర్నాడు డ్యూటీలో అదే మలుపులో ఆపి, అమ్మ ముందు లెంపలేసుకున్నారని కండక్టర్లు చెప్పి నవ్వేవాళ్లు. వాళ్ల ఉద్యోగాలు వాళ్లకు కావాలి, నాకు తెలుసు. అయినా కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. ఒక్కో డ్రైవరూ రావడానికి కొన్ని వాయిదాలు, వచ్చాక మా వకీలు అడగడానికి ఇంకొన్ని. ఈలోగా మా ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది.

చివరికి తీర్పు వచ్చింది. ఆపడం తప్పే గానీ దానికి ఉద్యోగం తీసేయడం మరీ ఎక్కువ శిక్ష అన్నారు జడ్జిగారు. పోయిన కాలానికి జీతం లేదు, డ్రైవరుగానే తిరిగి తీసుకోవాలి. గెలిచాం! సాయిబు మిఠాయి డబ్బా పట్టుకుని గిద్దలూరు దాకా వచ్చాడు. మా ఆయన పెట్టె అడుగున ఉన్న ఖాకీ చొక్కాలు తీసి ఉతికించాడు. ఆ వారమంతా ఆయన నడకే మారిపోయింది.

కంపెనీ ఆఫీసులో మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "తీసుకోకుండా ఎట్ల పోతాం, కోర్టు చెప్పినాక? ముందు కండ్లు చూపించుకోని సర్టిఫికెట్ తీసుకోని రా. అందరికీ ఉండేదే."

మార్కాపురంలో కంటి ఆసుపత్రికి పోయాం. చీకటి గదిలో ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగా గోడ మీద వెలుగుతున్న అక్షరాలు చదవమంది పరీక్ష చేసే అమ్మాయి. పైన పెద్దవి గడగడా చదివాడు. ఆ కింద వరుస కొంచెం తడుముకున్నాడు. తర్వాతి వరుస దగ్గర ఆగిపోయాడు. తల ముందుకు చాపాడు, వెనక్కి లాగాడు. "నిదానంగా చూడండి" అని ఆ అమ్మాయి అద్దాల పెట్టె వైపు తిరిగింది.

నేను కుర్చీ వెనకే ఉన్నాను. ఆ వరుస నాకు స్పష్టంగా కనపడుతోంది. ఇన్నేళ్ల తిరుగుడు ఈ ఐదారు అక్షరాల దగ్గర ఆగిపోవడమా? వంగి ఆయన చెవిలో మొదటి అక్షరం చెప్పాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

"చెప్పమాక," అన్నాడు మెల్లగా. "బస్సులో జనం కూచుంటారు."

తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, "కనపడటం లేదమ్మా, అట్లనే రాసుకో" అన్నాడు.