సాక్ష్యం చెప్పిన ఆదివారం

మా పాప అప్పుడు మూడో తరగతి. కుదురుగా కూర్చోవడమన్నది ఆ పిల్ల ఒంట్లోనే లేదు. లెక్క సగం చేసి కిటికీ దగ్గరికి, అన్నం సగం తిని బాల్కనీలోకి. ఎన్ని వాటర్ బాటిళ్లు పోగొట్టిందో దేవుడికే తెలియాలి. డైరీ నిండా టీచరు ఎర్ర సిరా. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి ఆ డైరీ తెరిస్తే నాకు ఒళ్లు మండిపోయేది. కొట్టాను కూడా. ఒకసారి కాదు.

మా ఆవిడే పోరి పోరి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. "దీన్ని ఏడీహెచ్‌డీ అంటారండి. పొగరు కాదు, పెంపకం లోపమూ కాదు" అందావిడ. పొద్దున్న టిఫినయ్యాక వేయమని మాత్ర రాసింది, చెప్పకుండా మానొద్దంది. రెండు నెలలకి పాప మధ్యలో లేవకుండా ఒక పేజీ మొత్తం రాసింది. తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏడుపొచ్చేసింది నాకు.

ఆ రెండు నెలలూ మా చర్చిలో ఆడాళ్లు ప్రతి శుక్రవారం పాప కోసం ఉపవాస ప్రార్థన చేశారు. దేవుడు చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పుకోవడం మాకు అలవాటు, దాన్నే సాక్ష్యం అంటాం. ఒక ఆదివారం మైకు నా దాకా వస్తే లేచాను. వందనాలు చెప్పి కూర్చుంటే సరిపోయేది. కూర్చుంటేనా! అందరూ హల్లెలూయ అంటుంటే నాకు ఊపొచ్చేసింది.

"మా పాపకి పూర్తిగా నయమైపోయింది. ఇప్పుడు మందూ నేదు, మాత్రా నేదు. అంతా ప్రభువే సేసాడు!" అనేశాను.

మందు మానమని పాస్టరుగారు ఏనాడూ అనలేదు. ఆ మాట అచ్చంగా నాదే.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది, "మరి రేపు మాత్ర ఇవ్వాలా, వద్దా?"

"ఎలాగిత్తావే? అందరి ముందూ సాక్ష్యం సెప్పేసి, ఇంట్లో సాటుగా మింగిత్తే దేవుణ్ణి అబద్ధికుణ్ణి సేసినట్టు కాదేటి?" అని కసిరాను. దేవుడి పరువంట! నా పరువు.

మాత్రలు బీరువాలో ఉండిపోయాయి. నెల తిరక్కుండా ఎర్ర సిరా మళ్లీ మొదలు. ఒకరోజు క్లాసు జరుగుతుండగానే గేటు దాటి, కూర్మన్నపాలెం జంక్షన్ వైపు లారీలు తిరిగే రోడ్డు మీదికి వెళ్లిపోయింది. కుక్కపిల్ల కనపడిందట. ఎవరో పుణ్యాత్ముడు రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. "మా వల్ల కాదండి, ఏమీ అనుకోకండి" అని ప్రిన్సిపాల్ టీసీ నా చేతిలో పెట్టారు. పాపకి అది రెండో స్కూలు.

టీసీ జేబులో పెట్టుకుని స్కూటీ మీద ఇంటికి బయల్దేరాం. పాప ముందు నిలబడింది. సిగ్నల్ దగ్గర ఆగితే, తల తిప్పకుండానే అడిగింది.

"డాడీ, నాకు నయమైపోయిందని మైకులో సెప్పావు కదా?"

"ఆఁ, సెప్పాను."

"మరి జబ్బు నేదు కదా. అంటే నానే సెడ్డదాన్నా?"

'జబ్బు ఉందమ్మా, అబద్ధమాడింది నాను' అంటే అయిపోయేది. వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటే బండి కదిపాను. ఇల్లు చేరేదాకా పాప మళ్లీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంది, ఎప్పట్లాగే కాళ్లూపుకుంటూ. ఈసారి లేచి నిజం చెప్పేస్తానని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. మైకు మా వరుసకి రాగానే పాప కాళ్లూపడం ఆపేసింది. మైకు నా చేతిలోకి వచ్చింది. నన్నే చూస్తోంది పిల్ల.

పక్కాయనకి అందించేశాను.