హాల్ ఆఫ్ ఫేమ్‌లో చిల్కూరు చంద్రయ్య

2005 జూన్‌లో నన్ను మొయినాబాద్ యూనిట్‌కు క్వాలిటీ మేనేజర్‌గా వేశారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు చోటు చాలక ఊరి బయటికి జరుగుతున్న రోజులవి. మా కంపెనీ బీజాపూర్ రోడ్డు మీద ఒక ఎరువుల దుకాణం పై అంతస్తు కిరాయికి తీసుకుని, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఇంజినీరింగ్ చదివినవాళ్లను అక్కడే ఉద్యోగంలో చేర్చుకుంది. క్వాలిటీ మేనేజర్ ప్రోగ్రాం రాయడు. రాసినది సరిగ్గా పనిచేస్తోందా అని పరీక్షించే బృందానికి పెద్దగా ఉంటాడు. తప్పు దొరికిందని టెస్ట్ ఇంజినీర్ రాసిన ప్రతి రిపోర్టూ ముందు నా దగ్గరికి వచ్చేది. అది నిజంగా తప్పేనా, కాదా అని తేల్చే అధికారం నాది. ఆ అధికారాన్ని నేనెట్లా వాడానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాకు వచ్చిన పని ఒక అమెరికన్ క్లయింటుది. కంప్యూటర్‌లో నడిచే బేస్‌బాల్ లీగ్. అందులో ఒక్కడూ నిజమైన ఆటగాడు కాడు. పేరు, వయసు, భుజబలం, చూపు, ఓపిక, అన్నీ ప్రోగ్రామే పుట్టిస్తుంది. వాళ్లు ఆడతారు, వయసు మీదపడి నెమ్మదిస్తారు, రిటైరవుతారు. చందా కట్టి చేరిన అమెరికన్లు ఒక్కో జట్టుకు యజమానులుగా ఉండి, ఆ లేని మనుషుల గెలుపోటముల కోసం నిద్ర మానుకునేవారట.

పరీక్షల కోసం ఆఫీసులో మా సొంత లీగ్ ఒకటి నడిపేవాళ్లం. జట్లకు చేవెళ్ల, మొయినాబాద్, చిల్కూరు, ప్రొద్దుటూరు అని చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పెట్టుకున్నాం. ఆటగాళ్లకూ మన పేర్లే. చేవెళ్లకు మల్లేశ్ అని ఒక హిట్టర్, అంటే బ్యాట్ పట్టి కొట్టేవాడు. బంతి తగిలిందంటే గోడ అవతలే పడేది. చిల్కూరుకు చంద్రయ్య. అతనికి ప్రోగ్రాం భుజబలం పెద్దగా ఇవ్వలేదు, ఓపిక మాత్రం కుండెడు ఇచ్చింది.

కింది దుకాణం, పై అంతస్తు రెండూ వెంకటేశం సేటువే. నీళ్ల మోటారు వేయడానికని పైకి వచ్చి, స్క్రీన్ల ముందు నిలబడిపోయేవాడు. చిల్కూరు ఆయన అత్తగారి ఊరు. అందుకని చంద్రయ్యను సొంత బావమరిదిలా చూసుకునేవాడు.

“ఏం బిడ్డా, మనోడు ఏం జేసిండు ఇయ్యాల?” అని అడిగేవాడు మా బృందంలోని సుజాతను.

“రెండుసార్లు నడిచిండు సేటూ.”

“నడిచినోన్ని ఎవడు మెచ్చుకుంటడు? జర ఉరకమను!”

ఈ నడక ఏమిటో చెప్పాలి. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు హిట్టర్‌కు సరిగ్గా అందే హద్దు దాటిన బంతులు నాలుగు వేసి, హిట్టర్ వాటి జోలికి పోకుండా వదిలేస్తే, అతను బ్యాట్ కింద పడేసి నడుచుకుంటూ మొదటి బేస్‌కు, అంటే పరుగు పూర్తిచేయడానికి చుట్టి రావాల్సిన నాలుగు గుర్తుల్లో మొదటిదానికి, వెళ్లవచ్చు. దాన్ని వాక్ అంటారు. బంతిని కొట్టి బేస్ చేరితేనే హిట్. కాబట్టి అది హిట్ల లెక్కలోకి రాదు, సగటులోకీ రాదు. కానీ మనిషి బేస్ మీద ఉంటాడు, వెనక వచ్చేవాడు కొడితే పరుగు తెస్తాడు.

సుజాత మా సీనియర్ టెస్ట్ ఇంజినీర్. చేవెళ్ల అమ్మాయి. తండ్రి అక్కడి చర్చిలో పెద్ద, బడిలో లెక్కల మాస్టారు. అంతకుముందు నగరంలో చేసిన ఉద్యోగానికి పొద్దున బస్సులో నిలబడి వెళ్లి, సాయంత్రం నిలబడి వచ్చేది. మొయినాబాద్‌లో యూనిట్ పెట్టారని తెలిసి మొదటి రోజే దరఖాస్తు పెట్టింది.

ఆ ఏడాది క్లయింటు హాల్ ఆఫ్ ఫేమ్ అనే కొత్త భాగం కోరింది. రిటైరైన హిట్టర్లలో మేటివాళ్లను ప్రోగ్రామే ఎంచాలి. యజమానులు వాళ్లకు ఓటు వేయాలి. గెలిచినవాళ్ల పేరు లీగ్ ఉన్నంతకాలం నిలుస్తుంది. దీపావళి ముందు క్లయింటు తరఫున మనిషి వచ్చి పని చూస్తారనీ, నచ్చితే ఆ భాగం శాశ్వతంగా మొయినాబాద్‌లోనే ఉంటుందనీ, సుజాత దానికి మాడ్యూల్ లీడ్ అవుతుందనీ పైనుంచి చెప్పారు. మాడ్యూల్ లీడ్ అంటే ఒక భాగానికి పూర్తి బాధ్యురాలు, తన కింద సొంత బృందం. నచ్చకపోతే పని నగరంలోని యూనిట్‌కు పోతుంది. ఆమెకు మళ్లీ అదే బస్సు.

ఎంపికకు నియమాలు రాసింది నేను. కుర్రతనంలో హైదరాబాద్ లీగ్‌లో క్రికెట్ ఆడినవాణ్ని. బ్యాట్ పట్టినవాడి విలువ నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. ఇన్ని హిట్లు ఉండాలి, గోడ దాటిన కొట్టుడు ఇంత ఉండాలి, సగటు ఇంత ఉండాలి అని మూడు మెట్లు పెట్టాను. క్లయింటు ఆఫీసులో దానికి ఆమోదం కూడా వచ్చింది.

ఆ ఎంపికను మొదటిసారి నడిపేనాటికి మా లీగ్‌లో ఏళ్లు గడిచి మల్లేశ్, చంద్రయ్య ఇద్దరూ రిటైరయ్యారు. మల్లేశ్ దర్జాగా వచ్చాడు. చంద్రయ్య పేరు లేదు. సుజాత రిపోర్టు రాసింది: వాక్‌లను పట్టించుకోనందువల్ల అర్హుడైన హిట్టర్ బయటే మిగిలిపోతున్నాడు. నేను “తప్పు కాదు, నియమం ప్రకారమే ఉంది” అని రాసి మూసేశాను. ఆమె మరిన్ని వివరాలు చేర్చి మళ్లీ తెరిచింది. నాకు కోపం వచ్చి అందరి ముందే పిలిచాను.

“సుజాతా, బంతిని ఇడిసిపెట్టినోడు బ్యాట్స్‌మన్ ఎట్లయితడు? నువ్వెప్పుడన్న క్రికెట్ ఆడినవా?”

“ఆడలె సార్,” అంది. “గందుకే నాకు కనబడ్డది.”

ఎవరో నవ్వు ఆపుకున్నారు. నేను రెండోసారి కూడా మూసేసి, “ఆట తెలుసుకుని రిపోర్టు రాయాలి” అని కింద రాశాను. ఆ వాక్యం క్లయింటుకు కూడా కనిపించే చోట ఉంటుందని నాకు తెలుసు. తెలిసే రాశాను. ఆమె చెప్పేది తప్పని నాకు నమ్మకం ఉండి కాదు. నేను సంతకం పెట్టిన పత్రంలో తప్పు ఉండవచ్చని ఒప్పుకోవడానికి మనసు రాక.

క్లయింటు మనిషి రావడానికి ముందురోజు పొద్దున సుజాత నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

“సార్, ఇగ రిపోర్టు రాయను. ఊకె చూపిస్త, జర సూస్తరా?”

ఆమె చేసింది నిజమైన ఆటలో ఎవరూ చేయలేని పని. చిల్కూరు ఆడిన ఒక సీజన్ తీసుకుంది. అందులోంచి చంద్రయ్యను తీసేసి, అతని చోట ఒక మామూలు హిట్టర్‌ను పెట్టి, అదే సీజన్‌ను మొదటినుంచి మళ్లీ ఆడించింది. ఒకసారైతే అదృష్టం అనవచ్చు కనుక, అదృష్టం మాట ఎత్తడానికి వీలు లేనంతవరకూ మళ్లీ మళ్లీ నడిపింది. అట్లాగే చేవెళ్ల నుంచి మల్లేశ్‌ను తీసి చూసింది.

మల్లేశ్ లేని చేవెళ్ల పట్టికలో ఒక స్థానం దిగింది, అంతే. చంద్రయ్య లేని చిల్కూరు పట్టికలో పైనుంచి జారి అట్టడుగున పడింది. నడిచి నడిచి అతను బేస్ మీద ఉండబట్టే వెనకవాళ్ల కొట్టుడుకు విలువ వచ్చింది. అతను లేకపోతే వాళ్లు ఖాళీ మైదానంలో కొడుతున్నారు.

సేటు ఎప్పుడు వచ్చాడో, మా వెనక నిలబడి ఉన్నాడు. “అరే, చంద్రయ్య లేకుంటె మన చిల్కూరు గిట్ల ఆగమైందేంది!” అన్నాడు.

నేను వెంటనే ఒప్పుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. బంతి విసిరేవాళ్లను మార్చి నడపమన్నాను. నడిపింది. వేరే సీజన్ తీసుకోమన్నాను. తీసుకుంది. ఆమె పరీక్షలో లొసుగు దొరకదా అని నేను వెతుకుతుంటే, ఆమె అడిగినవన్నీ చేసింది. చివరికి అడగడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.

మూసిన రిపోర్టును నేనే తెరిచి, “తప్పు నిజమే. నియమం రాయడంలో పొరపాటు” అని రాశాను. నియమం మార్చి, హిట్లతో పాటు వాక్‌లు కూడా కలిసేలా, ఎన్ని అవకాశాల్లో ఎన్నిసార్లు బేస్ చేరాడన్నది నాలుగో మెట్టుగా పెట్టాం. మూడు మెట్లు ఎక్కినా సరే, ఈ ఒక్కటి ఎక్కినా సరే. ప్రోగ్రాం రాసేవాళ్లు ఆ మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. సాయంత్రం బస్సుల వేళకు పని అయిపోయింది.

మరునాడు క్లయింటు తరఫున వచ్చినావిడ చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని బేస్‌బాల్ చూసిన మనిషి. మా మేనేజర్లందరూ వరసగా కూర్చున్నారు. మార్పు గురించి నేను చెప్పాలి. “మా టీం ఒక చిన్న లోపం గుర్తించి సరిచేసింది” అని మొదలుపెట్టాను. సుజాత తల తిప్పలేదు, స్క్రీన్ వైపే చూస్తోంది. నా మాట నాకే వినిపించింది. ఆగి, మళ్లీ చెప్పాను: నియమం రాసింది నేను, లోపం కనిపెట్టింది సుజాత, ఆమె రిపోర్టును రెండుసార్లు మూసింది నేను, ఆట తెలుసుకోమని రాసిందీ నేనే, ఆట తెలియంది నాకు. మా డైరెక్టర్ ముఖం మాడిపోయింది.

ఆవిడ సుజాతను ఆ పరీక్ష చేసి చూపించమన్నారు. సుజాత చంద్రయ్యను తీసింది, చిల్కూరు కూలింది. పెట్టింది, చిల్కూరు లేచింది. ఆవిడ కుర్చీలోంచి లేచి స్క్రీన్ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. తర్వాత చెప్పారు, పాత ఎంపిక ఆవిడ అమెరికాలోనే చూశారట. నడిచే హిట్టర్ ఎక్కడ అని అడగడానికీ, జవాబు లేకపోతే పని ఇక్కడినుంచి తీసేయడానికీ సిద్ధపడే వచ్చారట. మా నియమాలకు వాళ్ల వైపు సంతకం పెట్టినవాళ్లు ఎప్పుడూ మైదానం చూడలేదట. తీసి, పెట్టి చూసే ఆ పరీక్షను యజమానులందరూ వాడుకునేలా ఆటలోనే కలపమన్నారు. అది సుజాత బృందమే చేయాలన్నారు.

మాడ్యూల్ మొయినాబాద్‌లో ఉండిపోయింది. సుజాత లీడ్ అయింది. మా లోపలి లీగ్‌లో ఓట్లు వేసినప్పుడు చంద్రయ్య, మల్లేశ్ ఇద్దరూ మొదటి విడతలోనే గెలిచారు. సేటు కింది నుంచి పళ్లెం నిండా జిలేబి పంపించి, వెనకే తానూ వచ్చాడు.

“నడుసుకుంట నడుసుకుంట పోయి హాల్‌ల గూసున్నడు సూడు!” అన్నాడు. “నేను ముందే జెప్పిన గద!”

“నువ్వు ఉరకమన్నవు సేటూ,” అంది సుజాత.

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమెకు క్షమాపణ మాత్రం ఆ గదిలో చెప్పిన దాంతోనే సరిపెట్టాను. విడిగా చెప్పి ఉండాల్సింది.

ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఉద్యోగానికి సంబంధించినదే. నియమం రాసినవాడి చేతిలో, ఆ నియమం మీద వచ్చిన ఫిర్యాదును మూసే అధికారం ఉండకూడదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను పనిచేసిన ప్రతి యూనిట్‌లోనూ ఆ రెండు పనులూ వేర్వేరు మనుషులకు అప్పగించాను. మొదటగా వదులుకున్నది మొయినాబాద్‌లో నా అధికారాన్నే. నేను రాసిన నియమాల మీద వచ్చే రిపోర్టులను, నా పదవి ఆమె పదవి కంటే పైదైనా, తేల్చింది సుజాత. వాటిలో కొన్నింటిని ఆమె “తప్పు కాదు” అని మూసింది. చాలావాటిని మూయలేదు.