అప్లికేషను ఫోటోకు మొగలిరేకుల జడ

నాయన నెల్లూరు నుంచి టీచర్ ట్రైనింగు స్కూలు అప్లికేషను తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు, దాని పైమూలన అగ్గిపెట్టెంత గడి ఒకటి ఉంది. ఆ గడిలో ఫోటో అంటించాలి. ఎదురుగా చూస్తున్న ముఖం, మూడు కాపీలు అని కింద అచ్చువేసి ఉంది. అంతకు మించి వాళ్లేమీ అడగలేదు. నేను ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చుని ఉన్నాను. గడువు పది రోజులు కూడా లేదు. ఆ సీటు రాకపోతే మా మేనత్త చూసిపెట్టిన సంబంధం ఒకటి అల్లూరులో నాకోసం కాచుకుని ఉంది. నాకు కావలసిందల్లా ఆ గడిలో పట్టేంత ముఖం.

మా ఇంట్లో ఆడవాళ్ల చెవిన మాత్రం ఫోటో అన్న మాట ఒక్కటే పడింది.

అరవయ్యో సంవత్సరం ప్రాంతం అది. విడవలూరు దగ్గర మా చుట్టుపక్కల ఊళ్లల్లో ఫోటో దిగినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆ మేనత్త వాళ్లలో ఒకతి. జీవితంలో ఒక్కసారి నెల్లూరు స్టూడియోలో నిలబడి వచ్చినందుకే ఆ విద్యలో ఆరితేరినట్టు మాట్లాడేది. కబురు తెలియగానే సంచీతో దిగి, మూడు రోజులు నా ప్రాణం తోడేసింది.

"ఎరుపు కట్టుకుంటే ఫోటోలో నలుపు పడతాదిమే. తెలుపు కట్టుకుంటే దెయ్యం మాదిరుంటావు. పసుపు అసలు వొద్దు," అంది. పెట్టెలో ఉన్న ఓణీలన్నీ ఒక్కొక్కటే అలా వెళ్లిపోయాయి. చివరికి ఎవరికీ నచ్చని ఆకుపచ్చ ఓణీ మిగిలింది. తరువాత రెప్ప వెయ్యకుండా కూర్చునే సాధన మొదలైంది. గోడకేసి చూస్తూ నేను కూర్చోవాలి, ఆమె పక్కన నిలబడి గమనించాలి. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయంటే, "కారనీ, రెప్ప మాత్రం వెయ్యొద్దు," అంది. ప్రయాణం రోజు పొద్దున అన్నం కూడా పెట్టనివ్వలేదు. తింటే ముఖం ఉబ్బుతుందట!

అత్తనైనా భరించవచ్చు. అమ్మ కూడా ఆమెతో కలిసిపోవడమే నాకు మంట పుట్టించింది. అమ్మ పెళ్లిలో ఆమెకు మొగలిరేకుల జడ కుట్టారట. జారు జడ, నడుము దిగి వచ్చిందట. ఫోటో తీయించాలని అనుకున్నారు గాని ఆ ఊరికి తీసేవాడు రాలేదు. సాయంత్రానికి రేకులన్నీ వాడిపోయాయి. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఆ జడ పెద్దదవుతూనే ఉండేది గాని చిన్నదయ్యేది కాదు. ఇప్పుడు ఆ జడ నా తలకు వచ్చి తగులుకుంది.

"అప్లికేషనుకు జడెందుకమ్మా? ముఖం ఒక్కటే గదా అడిగినారు?"

"ఎట్టాగూ పోతావుండాం గదా," అంది అమ్మ. ఆమె దగ్గర ఉన్న సమాధానం అదొక్కటే.

సముద్రం వైపు నుంచి మాకు చేపలు తెచ్చే ఆమెతో అమ్మ ముందే చెప్పిపెట్టింది. ఆమె మొగలిపూలు కోసుకొచ్చింది, కాకపోతే చేపల గంపలోనే పెట్టి తెచ్చింది. అమ్మ వాటిని కడిగి, తుడిచి, ముళ్లు గీకి, ప్రయాణం నాడు ఇంకా తెల్లవారకముందే నన్ను పీట మీద కూర్చోబెట్టింది. రేకు మడవడం, సూది గుచ్చడం, దారం లాగడం, మళ్లీ రేకు. మధ్యమధ్య మల్లెలు. నేను కదిలితే సూది మెడలో దిగేది. ఎండ వాకిట్లోకి వచ్చేదాకా అమ్మ నడుమెత్తలేదు. నేను మాత్రం సణుగుతూనే ఉన్నాను.

బస్సులో వెనక్కి ఆనుకుంటే జడ నలుగుతుందని నన్ను ముందుకు వంచి కూర్చోబెట్టారు. కోవూరు వచ్చేసరికి పౌడరు చెమటలో కలిసి మెడమీదికి జారింది. పెన్న దాటేటప్పుడు అత్త నా గడ్డం పట్టుకుని పమిట కొంగుతో తుడిచి, మళ్లీ పౌడరు మెత్తింది. బస్సులో అందరూ చూశారు. ఆకలి ఒకపక్క, సిగ్గు ఒకపక్క, ముల్లు తీయడం మరిచిన రేకొకటి వీపులో. ఒళ్లు మండిపోయింది.

స్టూడియో ఆయన నన్ను చూడగానే ఏమీ అడగలేదు. లోపలికి పోయి నిలువుటద్దం మోసుకొచ్చాడు. నన్ను పక్కకు తిప్పి నిలబెట్టి, వెనక జడ అద్దంలో పడేలా సర్దడం మొదలుపెట్టాడు.

"ముందు అప్లికేషనుకు ముఖం తియ్యండి," అన్నాను.

ఆయన చేతులు నలుపుకున్నాడు. "రెండు తీయలేనమ్మా. మద్రాసు నుంచి సరుకు రాలేదు. పొద్దున పెళ్లివాళ్లు వచ్చిపోయినారు. ఇంక ఒక్క ఫోటోకే ప్లేటుంది. మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పలేను."

"అయితే జడే తియ్యి," అంది అత్త. "దాంట్లో మొగం గూడా పడతాది గదా పక్కకు."

"ఎదురుగా చూస్తున్న ముఖం కావాలని రాసుంది!" నేను అప్లికేషను తీసి ఊపాను. "జడను చూసి సీటిస్తారా నాకు? పిల్లకాయలకు జడ తిప్పి పాఠం చెప్పాలా?"

"చూసినావా వదినా దీని నోరు? అల్లూరోళ్లకు ఈ జడ ఫోటో ఒకటి పంపిస్తే చాలు, అప్లికేషనుతో పనే లేదు."

అమ్మ నా వెనక నిలబడి అద్దంలోకి చూస్తోంది. జడ నిండుగా, ఒక్క రేకు వాడకుండా ఉంది. జడ కొసన పక్కకు తిరిగిన రేకును వేలితో సర్దింది. అమ్మ ఏమంటుందో నాకు తెలుసుననుకున్నాను.

"అద్దం తీసేయండి," అంది అమ్మ.

ఆయనకు అర్థం కాలేదు. అత్తకు అసలే కాలేదు.

"బిడ్డ మొగం తియ్యండి. అది చదువుకోవాల."

ఆయన అద్దం గోడకు తిప్పి పెట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. కాస్త నవ్వమన్నాడు. మూడు రోజుల కోపాన్ని ముఖంలో పెట్టుకుని నేను నవ్వలేదు. అమ్మకు ఒక మంచి మాటైనా చెప్పలేదు.

నాలుగు రోజుల తరువాత నాయనతో వెళ్లి ఫోటోలు తెచ్చుకున్నాను. ఆయన ఎరువుల కొట్టుకు పోయాడు. నేను పోస్టాఫీసులో నిలబడి అక్కడి బంకతో ఒకటి గడిలో అంటించి, మిగతా రెండూ అప్లికేషనుతో కలిపి కవరులో పెట్టి, స్టాంపులు అంటించి పెట్టెలో వేశాను. ఇంటికి తీసుకుపోతే అత్త చేతిలో పడి ఒకటి అల్లూరు పోతుందని నా భయం. కవరు పెట్టెలో పడిన చప్పుడు విన్నాకే ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఫోటోతోనే నాకు సీటు వచ్చింది. రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పి బతికాను.

కవరు పోస్టులో వేసిన ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. నన్ను చూసి, తడి చేతులు పమిటకు శుభ్రంగా తుడుచుకుని, కుడిచెయ్యి చాపింది.

"యాడుంది ఫోటో?"

"పోస్టులో వేసేసినా."

"మూడూనా?"

"మూడూ అడిగినారు గదా," అన్నాను, ఇంకా విసుగుతోనే.

అమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒకసారి చూసి ఇచ్చేదాన్ని గదమ్మా," అంది.