సమానం కాని రెండు టబ్బులు

ఆ ఇన్‌ఛార్జి సారంటే నాకు మొదటి రోజు నుంచీ పడదు. దాచుకోవడం దేనికి? హిందూపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని, పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చి పోతూ. ఆయన ధర్మవరం మనిషి. నాకంటే చాలా ముందు నుంచి అక్కడ అదే సబ్జెక్టు చెబుతున్నాడు కాబట్టి అది తన సొంత ఆస్తి అనుకునేవాడు. పిల్లలకు ఏ సెక్షనో, మాకు ఏ క్లాసో ఆయనే తేల్చేవాడు.

ఫస్టియర్ అమ్మాయిలకు నేను రసాయన సమతాస్థితి మొదలుపెట్టే ముందే ఆయన వచ్చి బోర్డు మీద తక్కెడ బొమ్మ వేసి పోయాడు. ఒక పళ్ళెంలో క్రియాజనకాలు, ఇంకోదాంట్లో ఉత్పన్నాలు. రెండూ సమానమైతే చర్య ఆగిపోతుంది, అదే సమతాస్థితి, రాసుకోండి అన్నాడట. ఒక్క వాక్యంలో రెండు తప్పులు! చర్య ఆగదు. రెండు వైపులా సమానంగా ఉండాల్సిన పనీ లేదు. ముందుకు జరిగే వేగమూ వెనక్కి జరిగే వేగమూ ఒకటవుతాయి, అంతే. ఆ మాట ఆయనతో మెల్లగానే చెప్పాను. మీరు కొత్త కదా మేడం అని నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ సెక్షన్‌లో చిలమత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. అమ్మానాయనలు బెంగుళూరులో కట్టడం పనికి పోతే తను మా హాస్టల్లో ఉండి చదువుకునేది. కిందామీదా పడి మంచి సెక్షన్‌లోకి వచ్చింది. సారుకు కోపమొస్తే ఆఖరి సెక్షన్‌కు తోసేస్తాడు, అక్కడ ఎవరూ పట్టించుకోరు. ఆ భయం అందరికీ ఉంది, ఆమెకు ఇంకా ఎక్కువ. అయినా, చర్య ఆగదని నేను క్లాసులో చెప్పినప్పుడు లేచి అడిగింది. లోపల జరుగుతూనే ఉండి, బయటికి ఆగినట్టు కనపడటం ఎట్లా కుదురుతుంది అని.

మరునాడు హాస్టల్ నుంచి రెండు టబ్బులు తెప్పించాను. ఎండాకాలం, నీళ్ళకు కరువు. అందుకని బట్టలు జాడించిన నీళ్ళే పట్టించాను. ఒక టబ్బు నిండుగా, రెండోది ఖాళీగా. నిండు టబ్బు దగ్గర ఆ అమ్మాయికి పెద్ద చెంబు, ఖాళీ టబ్బు దగ్గర ఆమె స్నేహితురాలికి చిన్న గ్లాసు ఇచ్చాను. ఇద్దరూ ఒకేసారి ముంచి అవతలి టబ్బులో పోయాలి. టబ్బు వంచకూడదు, చుక్క కింద పడకూడదు. చెంబు వైపు నీళ్ళు గబగబా తగ్గాయి. తగ్గేకొద్దీ చెంబులో పడేవీ తగ్గాయి. చివరికి చెంబులో వచ్చేవి, గ్లాసులో వచ్చేవి ఒకే కొలతకు దిగాయి. చేతులు ఆడుతూనే ఉన్నాయి, నీటిమట్టాలు మాత్రం కదలడం లేదు. చెంబు టబ్బులో అడుగున కాసిని, గ్లాసు టబ్బులో దాదాపు నిండుగా. ఆ మట్టాల దగ్గర స్కెచ్ పెన్నుతో గీతలు గీయించాను.

అప్పుడే వచ్చాడు మహానుభావుడు.

"ఏం మేడం, ఊరంతా ట్యాంకర్ కోసరం కాసుకోనుంటే, ఈడ నీళ్ళాటలా?"

జాడించిన నీళ్ళని చెప్పినా వినిపించుకోలేదు. టబ్బుల్లోకి తొంగి చూసి, సమానం కాలేదు కాబట్టి ప్రయోగం తప్పిందని తేల్చాడు. అంతటితో ఊరుకున్నాడా? చొక్కా చేతులు మడిచి, చెంబు లాక్కుని, తానే అటు నీళ్ళు ఇటు పోసి రెండూ సమానం చేశాడు. ఇదీ సమతాస్థితి అన్నాడు. పిల్లల ముందు నన్ను పూచికపుల్లలా తీసిపారేశాడు.

ఎవరూ చెప్పకుండానే ఆ అమ్మాయి ఆయన చేతిలోని చెంబు అడిగి తీసుకుంది. స్నేహితురాలికి సైగ చేసింది. ఇద్దరూ మళ్ళీ ముంచి పోయడం మొదలుపెట్టారు. కాసేపటికి నీళ్ళు పాత గీతల దగ్గరికే వచ్చి నిలిచాయి.

"సార్, మీరు సమానం చేసినా మళ్ళా ఆడికే వచ్చినాయి."

ఆ గొంతులో వెటకారం లేదు. కళ్ళతో చూసింది చెప్పింది, అంతే.

ఆయనకు అర్థమైంది. మొహం చూస్తేనే తెలిసింది. తెలియక తప్పు చెప్పినవాణ్ణి నేను క్షమించగలను. తెలిశాక కూడా పసిపిల్ల మీద కక్ష తీర్చుకున్నవాణ్ణి క్షమించలేను. ఆ సాయంత్రమే, క్రమశిక్షణ లేదని చెప్పి ఆమెను ఆఖరి సెక్షన్‌కు మార్చాడు. ప్రిన్సిపాల్ గదిలో నేను చేసిన రభస అంతా ఇంతా కాదు. సెక్షన్ల విషయం ఇన్‌ఛార్జి ఇష్టం అని ప్రిన్సిపాల్ చేతులు దులుపుకున్నాడు.

ఆ అమ్మాయి పుస్తకాలు సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. ఆ సెక్షన్‌కు కెమిస్ట్రీ ఎవరు చెబుతారని అడిగింది. ఆ ఇన్‌ఛార్జి సారే చెబుతాడని, పరీక్ష పేపర్లూ ఆయనే దిద్దుతాడని చెప్పాను. సమతాస్థితి ప్రశ్న వస్తే తాను చూసిందే రాస్తానని ఆమే అంది. రాస్తే ఆయన ఊరుకోడమ్మా అన్నాను. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"అదే ఆఖరి సెక్షన్ గదా మేడం. ఇంక యాడికి పంపుతాడు?"